అమ్మ పైకెత్తకూడని ఫేస్‌షీల్డు

న్యూజెర్సీ రాష్ట్రం, బెర్గెన్‌ఫీల్డ్ నివాసిని, నర్సింగు రెండో సంవత్సరం విద్యార్థిని, వృద్ధాశ్రమం మూడో అంతస్తులో సహాయకురాలిని అయిన అనలిన్ దిమాయుగా అను నేను, ఇరవై ఒకటో ఏట, ఒళ్ళు కాలిపోతున్నా మతి చెదరకుండా, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేతులారా రాసుకుంటున్న వీలునామా ఇది. సాయంత్రం నన్ను ఆసుపత్రికి తీసుకెళతారట. మా అంతస్తు నుంచి అలా వెళ్ళినవారెవరూ ఇంకా తిరిగి రాలేదు.

1. 'స్థిరచరాస్తులు' అన్న మాట వీలునామాలు రాయడం గురించిన లైబ్రరీ పుస్తకంలో చూసి మురిసిపోయాను. స్థిరాస్తి నాకు లేదు. చరాస్తి పాత కారొక్కటి. అది లూర్దెస్ పిన్నికి. ఈ వీలునామాను అమలుపరచవలసిందీ ఆవిడే. ఎడమ తలుపు లోపలినుంచి తెరుచుకోదు. అద్దం దించి, చెయ్యి బయటపెట్టి తీయాలి.

2. నర్సింగు పుస్తకాలు పిన్ని కూతురు రోవెనాకు. అంచుల్లో నేను రాసుకున్న కొత్త మాటలు చెరపకూడదు. "పెద్దపెద్ద మాటలు వాడితే రోగం తగ్గిపోద్దా అక్కా?" అని నవ్వేది. తగ్గదే. అయినా చదువుకో.

3. సూపర్‌వైజర్ హాల్‌వర్సన్ గారికి, నా పేరు రాసిన కాగితం సంచీ, రోజూ అందులో దాచుకుంటూ వారమంతా వాడిన మాస్కుతో సహా. కొత్తది అడిగితే, "ఇంకా తెగలేదుగా, వేసుకో. నీ ఒక్కదానిదేనా ప్రాణం?" అన్నారు. దీన్ని పారేయనక్కర్లేదు. బీరువాలో కొత్తవాటి పక్కన పెట్టి తాళం వేసుకోవచ్చు.

4. మా అంతస్తులో కిటికీ పక్క మంచం మీదుండే సెవెరినో తాతకు, నా ఎండు మామిడి ముక్కలు. నానబెట్టి, మెత్తగా చేసి పెట్టాలి. ఆయనది మా సొంత దేశంలోని బతంగాస్, మా వైపే. అదే అంతస్తులో పనిచేసే మా అమ్మ తినిపిస్తే తప్ప ముద్ద మింగడు. ఆయన మీద నాకు కోపం లేదు.

5. మా అమ్మ నెనిటాకు, హార్డ్‌వేర్ కొట్లో నేను కొనుక్కున్న ఫేస్‌షీల్డు. ఒక షరతు మీద. తాత చెయ్యి చాపితే దాన్ని మన నుదుటికి అద్దుకుని దీవెన తీసుకోవడం మా మర్యాద. షీల్డు అడ్డొస్తుందని అమ్మ దాన్ని పైకెత్తుతుంది. నేనూ ఎత్తాను, అప్పుడే ఆయన నా ముఖం మీద దగ్గాడు. ఎత్తొద్దని ఎంత పోరినా, "పెద్దాయన దీవెనకి ప్లాస్టిక్కు అడ్డం పెట్టమంటావా? నిన్ను పెంచింది ఇట్లాగేనా?" అంటుంది. అమ్మా, షీల్డు మీదే అద్దుకో. దీవెన తగులుతుంది.

షరతు తప్పినవారి నుంచి ఇచ్చింది వెనక్కు తీసుకోవచ్చునట. తీసుకుంటే నీ ముఖానికి ఇంకేం మిగులుతుంది? అందుకే శిక్ష రాయలేదు. బతిమాలుతున్నాను, అంతే. నువ్వు వినవని తెలుసు. ఇది రాస్తుంటే కూడా నువ్వు డ్యూటీలోనే ఉన్నావు.

6. మిగిలిన సమస్తం అమ్మకే. అమ్మ లేని పక్షంలో ఎవరికో కూడా రాయాలని పుస్తకం చెబుతోంది. అమ్మ లేని పక్షంలో లూర్దెస్ పిన్నికి. పిన్ని లేని పక్షంలో రోవెనాకు. ముగ్గురూ పనిచేసేది ఆ మూడో అంతస్తులోనే. ఆ తర్వాత రాయడానికి నాకింకెవరూ లేరు.

2020 ఏప్రిల్ 19, ఆదివారం.

(సంతకం) అనలిన్ దిమాయుగా

జ్వరం వచ్చాక నేను విడిగా ఉంటున్న నేలమాళిగ కిటికీ బయట నిలబడి, నేను సంతకం చేయడం అద్దంలోంచి చూసిన సాక్షులు:

గ్రెగరీ పుల్‌మన్, ఎదురింటి బస్సు డ్రైవరు
మెర్లిండా ఆబద్, నర్సు, మూడో అంతస్తు. డ్యూటీకి వెళుతూ.