తెరచాప వెనక ఇంజను

చెల్లీ, నా బంగారం,

చెయ్యి ఎలా ఉంది? కట్టు లోపల దురద పెడుతోందా? పుల్ల పెట్టి గోకావంటే చంపేస్తాను. అలా గోక్కుని పుండు చేసుకుని మా మందుల షాపుకి వచ్చేవాళ్ళను రోజూ చూస్తూనే ఉన్నాను. కత్తెర పట్టే చెయ్యి నీది, దాన్ని జాగ్రత్తగా చూసుకో.

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటి అనుకుంటున్నావేమో. ఫోనులో పడవ ఫొటోలున్నాయి కదా, అందుకని అది మీ బావగారి చేతిలోనే ఉంటోంది. కళ్ళజోడు చేయించుకోవడానికి ఆయన దుకాణానికొచ్చిన ప్రతివాళ్ళకీ ముందు ఆ ఫొటోలు చూపించి, తర్వాతే అక్షరాలు చదివిస్తున్నారట. పైగా "వాళ్ళింటితో మనకి మాటల్లేవు" అని హుకుం ఒకటి. తోడికోడలివి అన్నమాటేగాని నువ్వు నా సొంత చెల్లెలివి కాదని నాకెప్పుడూ గుర్తురాదు. అన్నదమ్ములు కొట్టుకుంటే మనమెందుకు విడిపోవాలో నాకు బోధపడదు. అందుకే కౌంటరు వెనక మందుల అట్టపెట్టెల మధ్య కూర్చుని రాస్తున్నాను. దీన్ని మీ సెలూను చిరునామాకే పంపుతాను.

నీకొక సంగతి చెప్పాలి. కక్కలేక మింగలేక చస్తున్నాను. నీ చెయ్యి విరిగిన ఆ ఆదివారం మా పడవ తెరచాపతో రాలేదు. ఇంజనుతో వచ్చింది.

మొదటినుంచీ చెప్తాను విను. ఎప్పటిలాగే పొద్దున్నే నన్ను ఆ సవతి దగ్గరికి తీసుకెళ్ళారు. సవతంటే తెలుసుగా, ఆ తెల్ల పడవ. దానికి వార్నిషు, దానికి తోముడు, దానికి కొత్త తాళ్ళు. నాకు మాత్రం తడిసిన లైఫ్ జాకెట్టూ, కూర్చోవడానికి మూరెడు చెక్కా. "ఆ తాడు లాగు, ఈ తాడు వదులు, తల వంచు" అంటూ ఆయన కేకలు. ఈదడం రాని మనిషిని చుట్టూ నీళ్ళలో కూర్చోబెడితే ఎక్కడికి పోతుంది చెప్పు? పెళ్ళయిన కొత్తలో సరదాగా ఉంటుందని ఎక్కాను. ఆ తర్వాత ఎక్కనని ఎలా చెప్పాలో తెలియలేదు. ఆదివారం దగ్గరపడుతోందంటే ఊపిరాడనట్టుంటుంది నాకు.

సరే, సరస్సు మధ్యకి వెళ్ళాక గాలి పడిపోయింది. ఆకు కూడా కదలదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అందరూ తెరచాప దింపేసి, వెనకున్న చిన్న ఇంజను వేసుకుని ఒడ్డుకి వచ్చేస్తారు కదా, మనమూ అలాగే పోదామన్నాను. మీ బావగారికి అది తలవంపులట! క్లబ్బు వరండాలో టీ తాగుతూ అందరూ చూస్తుంటారట. "మోటారు వేసుకుని ఈడ్చుకుంటూ వచ్చాడంటారే" అన్నారు. అందుకని ఏం చేశారో తెలుసా? తెరచాప ఎత్తే ఉంచి, ఇంజను సన్నగా వేశారు. చూసేవాళ్ళకి గాలితోనే వస్తున్నట్టుండాలి. ఇంజను కనపడకూడదు కాబట్టి నన్ను తీసుకెళ్ళి దాని ముందు కూర్చోబెట్టారు. "కాస్త చున్నీ పరుచుకుని కూర్చో" అన్నారు. కూర్చున్నాను. సిగ్గులేకుండా కూర్చున్నాను.

క్లబ్బు గోడమీద రాసున్న రూలు మీ ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. తెరచాప పడవకి మోటారు పడవ దారివ్వాలి. కానీ తెరచాప ఎత్తి ఉన్నా సరే, ఇంజను వేసిన క్షణం నుంచీ అదీ మోటారు పడవే. ఆ సంగతి ఎదుటివాళ్ళకి తెలియడానికి ముందువైపు నల్ల గరాటులాంటిది మొన కిందికి ఉండేలా వేలాడదియ్యాలి. మా ఇంట్లో అది అటక మీద దుమ్ముకొట్టుకుని ఉంది. ఇక రెండు మోటారు పడవలు అడ్డం వచ్చాయంటే, ఎవరికి ఎదుటి పడవ కుడిపక్కన కనిపిస్తుందో వాళ్ళు తప్పుకోవాలి. మీ మోటారు పడవ మాకు కుడిపక్కనే ఉంది. అంటే తప్పుకోవాల్సింది మేము.

మా మరిది పాపం గాలి లేదు కదా, అన్నయ్య పడవ నత్తలా వస్తుంది, ఈలోగా ముందునుంచి దాటేయచ్చు అనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. మేమేమో తను అనుకున్నదానికన్నా వేగంగా వచ్చేశాం. "తిప్పండి, తిప్పండి" అని నేను గొంతు చించుకున్నాను. "దారి మనది. దారి ఉన్నవాడు తిన్నగా పోవాలి. వాడే తప్పుకుంటాడు" అన్నారాయన. ఇంజను వేసుకున్న సంగతి తనే మర్చిపోయినట్టున్నారు. మా పడవ ముక్కు వచ్చి మీ పడవ అంచుమీద సరిగ్గా నువ్వు చెయ్యి పెట్టిన చోటే కొట్టింది. నీ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ గోలలోనే ఆయన వెనక్కి వంగి ఇంజను ఆపేశారు. ఎవరూ చూడలేదు, నేను తప్ప.

వచ్చే ఆదివారం క్లబ్బు కమిటీ కూర్చుంటుంది. తప్పు మరిదిదే అని తేలితే పడవ నడిపే పర్మిట్టు శాశ్వతంగా రద్దు చేస్తారట. నన్ను సాక్షిగా పిలిచారు. మీ బావగారు రోజూ అన్నం దగ్గర నాకు పాఠం చెప్తున్నారు: "ఇంజను మాటే ఎత్తకు. అడిగితే గాలి కొద్దిగా ఉందను." ఇంట్లో ఏ గదిలోకి వెళ్ళినా వెనకే వచ్చి మళ్ళీ అప్పజెప్పమంటున్నారు. నిజం చెప్తే ఈ ఇంట్లో ఎలా బతకాలి? చెప్పకపోతే నీ మొహం ఎలా చూడాలి? నువ్వే చెప్పు.

నీ
అక్క

*

అక్కా, నా పిచ్చి అక్కా,

ఎడమచేత్తో రాస్తున్నాను. కోడి గీకినట్టుందని నవ్వకు.

నువ్వు చెప్పిన సంగతి నాకు ముందే తెలుసు. గాలి లేని నీళ్ళమీద మీ పడవ వెనక తెల్లటి నురగ చార ఉంది. తెరచాప పడవకి అంత నురగ ఎక్కడినుంచి వస్తుంది? ఈయన ముందుకు చూస్తూ నడుపుతున్నాడు, గమనించలేదు. నేను చూశాను. చూసీ ఇప్పటిదాకా ఈయనకి చెప్పలేదు.

ఎందుకో చెప్తాను, తిట్టకు. వారమంతా సెలూనులో నిలబడి నిలబడి నా కాళ్ళు పీకేస్తుంటాయి. ఆదివారం కాస్త నడుం వాలుద్దామంటే ఆ మోటారు రొద, ఆ పెట్రోలు కంపు. ఈయన స్నేహితులు తాడు పట్టుకుని పడవ వెనక నీళ్ళలో పలకలమీద జారుతుంటే నేను వెనక్కి తిరిగి కూర్చుని, పడ్డారా లేచారా అని కాపలా కాయాలి. సాయంత్రానికి ఎవరు పిలిచినా వినపడదు. నీది నిశ్శబ్దపు జైలు, నాది రొద జైలు, అంతే తేడా.

ఈ దెబ్బ తగిలాక ఈయన తాళంచెవి తీసుకెళ్ళి క్లబ్బులో ఇచ్చేశాడు. ఇక పడవ ముట్టనని ఒట్టేశాడు. ఆదివారం ఇంట్లో ఉంటున్నాడక్కా! ఊళ్ళో వాళ్ళందరి తలలూ నేను దువ్వుతాను, నా తల దువ్వేవాళ్ళు లేరని ఎప్పుడూ అనేదాన్ని కదా. మొన్న ఈయనే కూర్చోబెట్టి జడ వేశాడు. ఎలా ఉందని అడగకు, తాడు పేనినట్టుంది. రోజంతా విప్పలేదు నేను.

నువ్వు నిజం చెప్పావంటే తప్పు తనది కాదని తెలుస్తుంది. మళ్ళీ ఆ తాళంచెవి తెచ్చుకుంటాడు. నీకు దణ్ణం పెడతాను, నోరు విప్పకు. బావగారు చెప్పమన్నట్టే చెప్పు. నీకూ ఇంట్లో గొడవ ఉండదు, నాకూ ఊపిరాడుతుంది. చెయ్యి బాగానే ఉంది, దాని గురించి బెంగ పెట్టుకోకు.

నీ
చెల్లి

*

నా చెల్లికి,

ముందు నన్ను తిట్టుకో. తనివితీరా తిట్టుకుని అప్పుడు చదువు.

నీ ఉత్తరం చదివి నీ మాటే విందామనుకున్నాను. ప్రమాణపూర్తిగా చెప్తున్నాను, నోరు మూసుకోవాలనే వెళ్ళాను. నా బతుకు ఎలాగూ ఇంతే, నీకైనా సుఖం దొరుకుతోంది కదా అనుకున్నాను. క్లబ్బులో ఆ పొడుగాటి బల్ల, చుట్టూ పెద్దమనుషులు. మీ బావగారు తలుపువైపు కుర్చీలో కూర్చుని, నన్ను గోడవైపు కూర్చోబెట్టారు. లేచి వెళ్ళాలన్నా ఆయన మోకాళ్ళు దాటే వెళ్ళాలి.

మొదట మీ ఆయన్ని పిలిచారు. గడ్డం గీసుకోలేదు, చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. కమిటీ పెద్దాయన "ఏమైంది బాబూ?" అని అడిగారో లేదో భోరుమన్నాడు. "తప్పు నాదేనండీ. అన్నయ్యది కాదు. మా ఆవిడ చెయ్యి నేనే విరగ్గొట్టాను. వేళ్ళు పూర్తిగా ముడుచుకుంటాయో లేదో చెప్పలేనంటున్నాడు డాక్టరు. కత్తెర పట్టుకోలేకపోతే అది బతకలేదండీ, దానికి ఆ పనంటే ప్రాణం" అన్నాడు.

బాగానే ఉంది, బెంగ పెట్టుకోకు అని రాశావే నాకు! నీ బాధ నువ్వు దాచుకున్నావు సరే. మరి ఆ మనిషి? నీకు జడ వేస్తూ ప్రతి పాయకీ తనని తాను చంపుకుంటున్నాడు కదే. నువ్వది సుఖం అనుకుంటున్నావు.

అయినా నేను నోరు విప్పలేదు. అప్పుడు మీ బావగారు లేచారు. వెళ్ళి తమ్ముడి వీపు తట్టారు. "పోనీండి, చిన్నవాడు, తెలియక చేశాడు. నేను పెద్దమనసు చేసుకుంటాను" అన్నారు. ఆ తట్టడం చూశాను చూడు, ఒళ్ళు మండిపోయింది. ఎవరు ఎవరిని క్షమించడం?

"ఇంజను నడుస్తోంది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"ఏమ్మా?" అన్నారు పెద్దాయన.

"మా పడవలో ఇంజను నడుస్తోందండీ. తెరచాప ఊరికే ఎత్తి ఉంచాం. తప్పుకోవాల్సింది మేమే."

"మతిపోయిందా నీకు?" అని మీ బావగారు గద్దించారు.

"మీరు కచ్చితంగా చూశారా?" అని పెద్దాయన మళ్ళీ అడిగారు.

"దాన్ని కనపడకుండా చెయ్యడానికే కదండీ నన్ను దాని ముందు కూర్చోబెట్టారు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. మీ బావగారు కాదనలేదు. ఆ ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. ఈ ఏడాదికి ఆయన పర్మిట్టు ఆపేశారు, మరిదిది నిలిచింది.

మెట్లమీద మీ ఆయన నా వెనకే పరుగెత్తుకొచ్చాడు. సంతోషిస్తాడనుకున్నాను. "వదినా, మా ఆవిడకి ఈ సంగతి తెలుసా?" అన్నాడు. అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు, నీ నిజం చెప్పే హక్కూ లేదు. "ఇంటికెళ్ళి మీ ఆవిణ్ణే అడుగు" అన్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు. ఈ ఉత్తరం నీకందేసరికి అడిగే ఉంటాడు, లేదా అడగలేక నీ చుట్టూ తిరుగుతూ ఉంటాడు.

తిరిగొచ్చేటప్పుడు మీ బావగారు ఇంటి సందు మలుపు తిరిగాక కారు ఆపి, నావైపు చూడకుండానే తీర్పు చెప్పారు. "ఇక జన్మలో నువ్వు నా పడవ ఎక్కడానికి వీల్లేదు." అంతకన్నా పెద్ద శిక్ష ఈ లోకంలో లేదన్నట్టు చెప్పారు పాపం. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక ఘొల్లున నవ్వాను, ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది. ఆయన బిత్తరపోయి నన్ను చూసి, "నీకు పడవంటే ఇష్టం లేదా?" అని అడిగారు. వెటకారం కాదే చెల్లీ, నిజంగా తెలియక అడిగారు. ఇన్నేళ్ళూ నాకు ఇష్టమేననుకున్నారట. నేనెప్పుడు చెప్పాను గనక?

నీకు దొరికిన ఆదివారాలు లాగేసుకున్నాను, ఒప్పుకుంటాను. కానీ తనది కాని తప్పు మోస్తున్నవాణ్ణి ఇంట్లో కట్టేసుకుని నువ్వెన్నాళ్ళు జడ వేయించుకుంటావు? వాడు అడిగితే తెలుసనే చెప్పు. అరిస్తే అరవనీ. ఆ తర్వాత నాకు చేతకాని ఆ ముక్క పైకి అను: "నీ పడవంటే నాకు ఇష్టం లేదు, నువ్వంటే ఇష్టం." నేను ఆయన చేత గెంటించుకుని దిగాను. నువ్వు మాత్రం నీ అంతట నువ్వే దిగవే.

నీ తిట్ల కోసం కాచుకుని ఉన్న
అక్క