అటువైపు బటన్

శ్రీవారికి,

ఈ కవరు మీ నీలం చొక్కా మడతల్లో పెడుతున్నాను. ఊరు చేరి పెట్టె తెరవగానే కొలత టేపు కోసం వెతుకుతారు కదా, అప్పుడు దొరుకుతుంది. ఎదురుగా అడుగుదామని మూడు రోజులు చూశాను, మానుకున్నాను. అడిగితే మీరు నవ్వేసి, తిప్పి తిప్పి చివరికి నా చేతే క్షమాపణ చెప్పిస్తారు. అందుకే కాగితం.

విమానాల్లో మొదటి తరగతి సీట్లనీ, విమానాశ్రయాల్లో లాంజ్‌లనీ పోల్చి పత్రికకు రాయడం మీ పని. మీరు ఫోనులో చెప్పి పంపిందంతా విని టైపు చేయడం నా పని. పదకొండేళ్ళుగా చేస్తున్నాను. ఒక్కసారీ విమానం ఎక్కలేదు కానీ, ఏ సీటు పూర్తిగా మంచమవుతుందో, ఏ లాంజ్‌లో తువ్వాళ్ళు పలచనో నన్నడగండి. అమ్మ పుట్టిల్లు మేనమామకు తెలియదా? మన పరుపుకి మీరు రెండున్నర నక్షత్రాలు ఇచ్చినప్పుడు నేనూ నవ్వాను. నాలుగేళ్ళ క్రితం నాకు పాస్‌పోర్టు చేయించి, ఎప్పటికైనా పనికొస్తుందని బీరువాలో పెట్టారు. ఆ మాట పట్టుకుని చాలాకాలం ఎదురుచూశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక చిన్న పెట్టె కూడా కొని పెట్టుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. మధ్య వరసలో జంట సీట్లుంటాయి, వాటి మధ్య ఒక అడ్డుపలక ఉంటుంది. ఐదేళ్ళ క్రితం మీరే చెప్పారు: రెండువైపులా బటన్ నొక్కితేనే అది దిగుతుంది, పక్కాయన నొక్కలేదు కాబట్టి పరీక్షించలేకపోయాను అని. పోయిన వారం అదే రకం సీటు గురించి ఏం చెప్పారు? "పలక చప్పుడు లేకుండా దిగింది. రెండువైపులా దుప్పట్లు ఒకే మందం." రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నాను.

అటువైపు బటన్ నొక్కింది ఎవరు? ఆ రెండో దుప్పటి ఎవరిది? పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, కాదనను. ఉంటే ఉందని రాయండి, నా దారి నేను చూసుకుంటాను. అబద్ధం మాత్రం రాయకండి. పదకొండేళ్ళుగా మీ వాక్యాలు దిద్దుతున్నదాన్ని, ఇట్టే పట్టేస్తాను.

మీ టైపు మేడమ్

*

టైపు మేడమ్‌కి,

లాంజ్‌లో కూర్చుని, వీళ్ళిచ్చిన కాగితం మీదే రాస్తున్నాను. కాగితం దళసరిగా, బాగుంది. కుర్చీ చేతులే కాస్త ఎత్తు.

పిచ్చిదానా, ఎవరూ లేరు. నీ మీద ఒట్టు. అటు వెళ్ళి ఆ బటన్ నొక్కిందీ నేనే, ఇటు వచ్చి ఈ బటన్ నొక్కిందీ నేనే. పక్క సీటు ఖాళీ. నమ్మకపోతే మా పత్రిక ఆఫీసుకి ఫోన్ చేసి అడుగు. జంట సీట్ల మీద దంపతులిద్దరి అభిప్రాయం కావాలని పత్రికవాళ్ళు నాలుగేళ్ళుగా రెండు టికెట్లు ఇస్తున్నారు. రెండోది నీ పేరు మీదే ఉంటుంది, నీ పాస్‌పోర్టు చేయించింది అందుకే. మా ఆవిడకి ఎత్తంటే భయం, ఆఖరి నిమిషంలో ఆగిపోయింది అని ప్రతిసారీ చెబుతుంటాను. నీ అభిప్రాయం కూడా నేనే రాసి, నీకు టైపుకి పంపకుండా నేరుగా వాళ్ళకిచ్చేస్తాను. ఇప్పటికి పద్నాలుగు ప్రయాణాలు. వేరే ఎవరినైనా తీసుకెళ్ళే ఉద్దేశమే ఉంటే ఇన్నిసార్లు ఖాళీగా ఎందుకు ఉంచుతాను? నువ్వే చెప్పు.

నా సంగతి నీకు తెలుసు. పక్కన మనిషుంటే కొలతలు తప్పిపోతాయి. ఆ సీట్లో సంచి పెట్టుకుంటాను, కాళ్ళు చాపుకుంటాను, ప్రాణానికి హాయిగా ఉంటుంది. అంతకుమించి ఏమీ లేదు. ఇక మనసు తేలికపడిందా? శనివారం వస్తున్నాను.

మీ ఆయన

*

పక్క సీటు పెద్దమనిషికి,

ఈ చీటీ ఇచ్చిన ఎయిర్‌హోస్టెస్ అమ్మాయిని కంగారుగా ఏమీ అడగకండి. ఇవ్వమన్నది నేనే. పలకకి ఇటువైపు కూర్చుని ఉన్నాను.

మీ ఉత్తరం నేను నమ్మాను. అందులో ఒక్క అబద్ధం లేదు. అదే నన్ను చంపింది. ఆ రెండో మనిషి కోసం నేను ఎంతో సిద్ధపడ్డాను. ఆమెకి ఒక ముఖం ఇచ్చుకున్నాను, గొంతు ఇచ్చుకున్నాను, ఆమె కంటే నేనెందులో తక్కువో లెక్క వేసుకున్నాను. సవతి ఉంటే జుట్టు పట్టుకుని పోట్లాడొచ్చు. ఖాళీ సీటుతో ఎలా పోట్లాడను? నాకంటే మీకు మరొకరు ఇష్టం కాదు, నేను లేకపోవడం ఇష్టం.

మీరు శనివారం వచ్చారు. అడుగుతానేమోనని చూశారు, అడగకపోయేసరికి గొడవ తీరిందనుకుని టీ బాగుందన్నారు. పది రోజులు ఊరుకున్నాను. ఎప్పటిలాగే మీ పెట్టె సర్దాను, దాని తర్వాత నాదీ సర్దుకున్నాను. అంతకుముందే మీ ఆఫీసుకి ఫోన్ చేసి, ఈసారి నేను వస్తున్నాను, ఆయనకి చెప్పకండి అన్నాను. అక్కడి అమ్మాయి ఎంత సంతోషించిందో! "మీకు ఎత్తంటే భయమట కదండీ, ఇప్పుడు తగ్గిందా?" అని అడిగింది. తగ్గిందమ్మా అన్నాను.

లాంజ్‌లో మీ వెనక వరసలోనే కూర్చున్నాను. మీరు తల తిప్పలేదు. మీరు రాసినదానికంటే సోఫాలు మెత్తగానే ఉన్నాయి. పక్క కుర్చీలో మీ సంచి ఉంది. కర్ర పట్టుకుని ఒక పెద్దావిడ వచ్చి, ఇక్కడెవరైనా ఉన్నారా బాబూ అని అడిగింది. మీరు ఏమన్నారో గుర్తుందా?

"ఉన్నారండీ. మా ఆవిడ వస్తోంది."

లేచి వచ్చి కూర్చుందామా అని ఒక్క క్షణం అనిపించింది, దాచను. ఆ పెద్దావిడ వెళ్ళిపోగానే మీరు ఆ కుర్చీ మీదికి కాళ్ళు చాపారు. అప్పుడు నా కాళ్ళు ఆగిపోయాయి.

మీకంటే ముందే విమానం ఎక్కాను. పలక లేపి ఉంచాను. మీరు వచ్చాక నావైపు చిన్న దీపం మూడుసార్లు వెలిగింది. అటువైపు మనిషి పలక దించమంటున్నాడని దానర్థమట, ఈ అమ్మాయి చెప్పింది. పద్నాలుగు ప్రయాణాల తర్వాత మీ బటన్‌కి జవాబు చెప్పాల్సిన మనిషి అంటూ ఒకరు వచ్చారు. ఎవరో తెలియక అడిగారు లెండి, ఇప్పుడు తెలిసింది.

విమానం దిగాక మా అక్క దగ్గరికి వెళ్తున్నాను. వాళ్ళ ఆఫీసులో టైపు పని ఉంది. మన ఇంటికి తిరిగి రాను. ఈ సీటు గురించి మీరే టైపు చేసుకోండి. నా అభిప్రాయం మాత్రం ఈసారి నేనే చెబుతాను: సీటు చాలా బాగుంది. కిటికీ లేకపోయినా, హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఎవరికీ వినపడలేదు, పలక మంచి దళసరి.

ఇన్నేళ్ళలో మీరు రాయని సంగతి ఒకటుంది, చేర్చుకోండి. ఈ పలక దించడానికి ఇద్దరూ నొక్కాలి. లేపడానికి ఒక్కరు చాలు.

ఇటువైపు ప్రయాణికురాలు