నవత పాఠం మీద నా సంతకం

అబిడ్స్,
బుధవారం సాయంత్రం

చెల్లె నవతకు,

పొద్దున్నుంచి ముసురు. నాంపల్లి స్టేషన్ దగ్గరి లాడ్జి నుంచి తడుస్తూనే టీచర్ల మీటింగ్ జరిగే హాలుకు నడిచాను. మూడు రోజులుగా పని ఒకటే: ఆరుగురం ఒక బల్ల చుట్టూ కూర్చొని రంగు చీటీల మీద రాసి గోడకు అంటించడం. పాఠం ఎలా చెప్పాలో ముందే రూపొందించుకునే ఈ పనిని లెర్నింగ్ డిజైన్ అంటారట. ఒక్క రోజైనా బడిలో పాఠం చెప్పనివాళ్లు మైకు పట్టుకొని మనకు పిల్లల గురించి చెప్తుంటే రోత పుట్టింది. అన్నం సయించలేదు.

రోత వాళ్ల మీదే అయితే నీకు ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఫోన్లో చెప్పే ధైర్యం లేక పోస్టాఫీసు వరండాలో కూర్చొని రాస్తున్నాను.

మొదటి రోజు, మీ బడిలో పనికొచ్చిన పద్ధతి ఒకటి చెప్పమన్నారు. నువ్వు ఒకటో తరగతికి పాఠం ముందు లంబాడీలో కథగా చెప్పి, పిల్లలు నవ్వడం మొదలుపెట్టాక అదే తెలుగులో చెప్పే తీరు వివరించాను. చప్పట్లు కొట్టారు. ట్యాబ్‌ల కంపెనీ నుంచి వచ్చిన శశికిరణ్ లేచి, "సూపర్ సార్! ఇది మీ ఐడియానా?" అన్నాడు.

"ఔ" అన్నాను. తర్వాత నీ పేరు చెప్పడానికి రెండు రోజులు ఉన్నాయి. చెప్పలేదు.

ఆ సాయంత్రం కాగితాలు వచ్చాయి. మన అలవాటు నీకు తెలుసు. మీటింగంటే మనకు హాజరు సర్టిఫికెట్. దానికోసం ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం. నాలుగు చోట్ల పెట్టాను. నిన్న తెర మీద మన బడి పేరు వచ్చింది. ఒక టీచరు, ఇరవై ట్యాబ్‌లు. లంబాడీ ట్యాబే మాట్లాడుతుంది. విద్యా వాలంటీరు, అంటే నువ్వు, అవసరం లేదు. కింద నా సంతకం.

పక్కన కూర్చున్న రాజనర్సు సారు నవ్వాడు. "ఏం మొగులన్నా, అద్దాలు ఇంట్ల మరిచొచ్చినవా? నేను చదివిన, అందుకే పెట్టలె."

"మరి నాకు చెప్పొద్దా?"

"నువ్వు చప్పట్ల మోతల ఉంటివి. ఇనపడుతదా?"

ఈ రోజు మధ్యాహ్నం శశికిరణ్‌ను పట్టుకొని మన బడి పేరు కొట్టెయ్యమన్నాను.

"గిట్లా లాస్ట్ మినిట్ల అంటే ఎట్లా సార్? ఫికర్ చెయ్యకుర్రి, మేడమ్‌ను యాడనన్న అడ్జస్ట్ చేస్తం."

"ఆమె ఏమన్న కుర్చీయా, అడ్జస్ట్ చెయ్యనీకి?"

హాలంతా మా వైపు చూసింది. చివరికి ఆ కాగితం నా ముందే చించాడు. హాజరు సర్టిఫికెట్ ఇవ్వలేదు. మూడు రోజులు సెలవు కింద పోనీ, నీ పోస్టు నీకు ఉంటుంది. ఆ పాఠం నీదని మాత్రం అప్పుడు కూడా చెప్పలేకపోయాను. నీ ముఖం చూడలేక సోమవారం దాకా అంబర్‌పేటలో అక్క ఇంట్లోనే ఉంటాను.

మొగులయ్య

తండా,
శుక్రవారం

సారుకు నమస్తే.

మీ ఉత్తరం ఈ రోజు అందింది. ఇక్కడ వాన లేదు. అన్ని తరగతులనూ ఒక్కచోట కూర్చోబెట్టి లెక్కలు చెప్పాను.

బడి వివరాల్లో మీరు రాసిచ్చిన నా నంబరుకు మంగళవారమే శశికిరణ్ ఫోన్ చేశాడు. "మీ సార్ కనిపెట్టిన పాఠానికి లంబాడీ గొంతు కావాలె మేడమ్" అన్నాడు. మీరు ఏం చెప్పుకున్నారో నాకు అప్పుడే తెలిసింది. రోత పుట్టింది. అయినా గొంతు రికార్డు చేసే పని ఏడాది పాటు ఉందంటే సరే అన్నాను. ప్రతి జూన్‌లో నా పోస్టు ఉంటుందా పోతుందా అని ఆరేళ్లుగా మీ నోటి వైపు చూస్తున్నాను సార్. మీరు వచ్చాక చెబుదామనుకున్నాను. నిన్న మళ్లీ ఫోన్ చేసి, "మీ సారే వద్దని కొట్టేయించిండు, ఇగ పని లేదు" అన్నాడు.

సంతకం పెట్టేటప్పుడు నన్ను అడగలేదు. చింపించేటప్పుడూ అడగలేదు.

ఆ పాఠం ఎవరిదో శశికిరణ్ వాళ్లకే చెప్పడానికి నాంపల్లి పోతున్నాను. పని ఇస్తే చేస్తాను. ఇవ్వకపోతే వేరే చూసుకుంటాను. బడికి తిరిగి రాను. ఈ ఉత్తరం, రాజీనామా కాగితం హాజరు పుస్తకంలో పెట్టాను. తాళంచెవి వంటామె దగ్గర ఉంది.

శనివారం పొద్దున ఆరున్నర బస్సుకు వెళ్తున్నాను.

నవత