చుక్కలు పెట్టకుండా

నాయనా, నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాదాయ.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు నన్ను అందరి ముందర ఇంగ్లీషులో బూతు తిట్టినాడు. ఆయన తిట్టిన మాటతో సహా ఇంగ్లీషులోనే ఫిర్యాదు రాసిచ్చినాను. మేనేజరు ఇద్దర్నీ పిలిచినాడు.

"ఆ మాట తీసేసి చుక్కలు పెట్టమ్మా, ఆడపిల్లవి," అన్నాడు నాతో.

చిత్తూరు కోర్టు ముందర అర్జీలు టైపు కొడతా నువ్వు చెప్తాంటివి గదా: "మన కోపానికి బూతు రాయగూడదు. ఎదుటోడు తిట్టింది మాత్రం ఒక్కక్షరం మింగగూడదు."

"తీయను సార్. ఆయన్నే చదవమనండి."

మేనేజరు కాగితం సూపర్‌వైజరుకిచ్చినాడు. గబగబా చదువుతా వచ్చి, ఆ మాట కాడ ఆగిపోయినాడు.

"చదవండి సార్," అన్నాను. "అది మీ మాటే."