నడిమి గోడ తీసిన తర్వాత

మొయినాబాద్. గురువారం రాత్రి.

ప్రతి గురువారం నేను ప్రవచనం చెప్పే సత్సంగం షెడ్డు స్థలాన్ని ఫాంహౌస్ కోసం ఎవరో సిటీవాళ్లు కొనేశారు. ఇక మా రెండు గదుల ఇల్లే దిక్కు. హైటెక్ సిటీ ఫ్లాట్లలో ఇంటీరియర్ పని చేసే శ్రీశైలం వచ్చి చూసి, "నడిమి గోడ తీసెయ్ అన్నా, తెల్ల రంగు కొట్టు. ఇల్లు డబుల్ కనిపిస్తది" అన్నాడు. తీయించేశాను. నా భార్య యాదమ్మను ఒక్క మాట అడగలేదు.

ఈ సాయంత్రం నలభై మంది కూర్చున్నారు. "ఫంక్షన్ హాలు లెక్క ఉన్నది గదనే!" అని మురిసిపోయారు. నేను గ్రంథం చేతపట్టి దయ గురించి గొంతు చించుకున్నాను. యాదమ్మ అందరి కళ్లముందే జ్వరంతో స్టవ్వు పక్కన ముడుచుకొని కూర్చుంది. పడుకోవడానికి చాటు లేదు. ఎవరో "జర చాయ్ పెట్టు వదినె" అంటే లేచి పెట్టింది. చూస్తూనే ఉన్నాను. ప్రవచనం ఆపలేదు.

అందరూ వెళ్లాక అడిగింది: "ఊరందరికి జాగ చేసినవ్. చీర మార్చుకోనికి, జరసేపు ఒరగనికి నాకేడ పెట్టినవ్?"

నేను శ్లోకం ఎత్తుకున్నాను.

"అది మందికి చెప్పుకో. పొద్దుగాల నేను సురంగల్ పోతున్న, మా అవ్వ తానకు. గోడ లేసినంక కబురు పెట్టు."

గోడ కట్టిస్తే వచ్చే గురువారం నలభై మందిని ఎక్కడ కూర్చోబెట్టను? కట్టించకపోతే ఆమె రాదు. గ్రంథమంతా తిరగేశాను. నేను గీతలు గీసుకున్నవన్నీ ఎదుటివాళ్ల మీద కేకలేయడానికి దాచుకున్న మాటలే. ఆమె ఇంకా నిద్రపోలేదు, దగ్గుతోంది. నాలుగడుగులు వేసి పోవద్దని అడగాలి. అంత మెల్లగా మాట్లాడటం నాకెప్పుడూ...