బూడిద నీళ్ళు

ఇటోకు, అబెయోకుటా
ఫిబ్రవరి 11, ఆదివారం

చిరంజీవి ఇబిదున్‌కు,

మీ రోంకె అత్త మనసారా దీవించి రాస్తున్నాను. ఇక్కడ మీ నాన్న, పిల్లలు, బట్టలద్దే నా రంగు కుండలు అందరూ కులాసా. నేనే బాగా లేను. ఫోన్ చేయొచ్చుగా అంటావు. నేను నోరు తెరిచేలోపే పర్లేదులే అత్తా అనేస్తావు, అందుకే కాగితం పట్టాను. బస్సు నడిపే వసియు రేపు ఇబాడాన్ వస్తున్నాడు, అతని చేతికిస్తున్నా.

మా రంగు నీళ్ళు శుభ్రం చేస్తానని నువ్వు వాకిట్లో తొట్టి పెట్టించిన రోజు, పక్క కుండల దగ్గర అద్దే ఇయా సికిరు నిన్నెంత ఏడిపించిందో గుర్తుందా? గాజు మీద గడ్డి మొలిపించడానికా తల్లీ ఇన్నేళ్ళు చదివావు, మా మేకలు తింటాయా మరి అంది. నువ్వు నవ్వుకుంటూ ఓపిగ్గా చెప్పావు. ముందు గాజు పలకకు విత్తనాల్లాంటి పల్చటి పూత వేసి, జింకు కలిపిన వేడి నీళ్ళలో బోర్లా వేలాడదీస్తే కొన్ని గంటల్లో వెంట్రుక కన్నా ఎన్నో వందల రెట్లు సన్నటి కడ్డీలు మొలుస్తాయట. మా కళ్ళకు కనిపించింది తెల్లటి మసకే. అవి ఎండ తాగి రంగును విరిచేస్తాయన్నావు. గ్యాస్ లీకైతే పసిగట్టేవీ, పుండు కట్టులో క్రిముల్ని చంపేవీ కూడా ఇలాంటివేనన్నావు. అయితే మా ఆయన గురకకేమైనా పనికొస్తాయా అని ఇయా సికిరు. సాయంత్రానికి తొట్టిలో మన నీలి నీళ్ళు తేటపడిపోతే అదే అందరికన్నా ముందు తొంగి చూసింది.

తర్వాత మీ మాస్టారు డాక్టర్ ఒగున్‌ఫోవోరా గారిని వెంటబెట్టుకొచ్చావు. సాయంత్రం దాకా కూర్చున్నారు, నీళ్ళు నీలంగానే ఉన్నాయి. పలకలు తీసి చూస్తే ఒట్టి గాజు. మేం రంగులో కలిపే బూడిద నీళ్ళ ఘాటు కడ్డీల్ని తినేసిందనీ, ఘాటు తగ్గించడంలో నీ లెక్కే తప్పిందనీ నువ్వే ఒప్పేసుకున్నావు. బుధవారం మీటింగులో ఈ పని ఆపేస్తామని చెప్పబోతున్నారట, నిన్ను కూడా ఇంటికి పంపేస్తారట. ఇదంతా మీ నాన్నే చెప్పాడు.

నీ లెక్క తప్పలేదు తల్లీ. ఆ పొద్దున పలకలు తోమింది నేను. పెద్దమనిషి వస్తుంటే పరాయి వస్తువు మన ఇంట మురికిగా కనబడితే పరువేం కాను? అడిగి తెచ్చుకున్న గిన్నెనైనా తళతళలాడించే తిరిగిస్తాం కదా. పలకల మీద మసక చూసి బూజు పట్టిందనుకున్నా. కొబ్బరి పీచు, గట్టి బూడిద నీళ్ళు పట్టుకుని మా అమ్మ నేర్పినట్టే తోమేశాను. నువ్వు మొహం వేలాడేసుకున్నప్పుడైనా చెప్పాల్సింది. మా అత్త మొద్దు, అలవాటు కొద్దీ తోమేసిందని మీ మాస్టారితో చెప్పు. మళ్ళీ మొలిపించడానికి ఒక్క అవకాశం అడుగు. మొద్దు అనిపించుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆరోగ్యం జాగ్రత్త. వేళకు తిను.

ఇట్లు,
మీ అత్త రోంకె

తా.క. ఉత్తరం మడిచి మళ్ళీ విప్పాను. పరాయి గిన్నెను మన వాకిట్లో ఎవరూ బూడిద నీళ్ళతో తోమరు, నల్లసబ్బుతోనే తోముతారు. ఆ సంగతి నీకూ తెలుసు. నువ్వు అడిగేలోపు నిజం నేనే రాస్తున్నాను. గట్టి బూడిద నీళ్ళు తగిలితే కడ్డీలు కరిగిపోతాయి, జాగ్రత్త అత్తా అని మొదటిరోజే చెప్పావు. విన్నాను కాబట్టే వాటితో తోమాను. మన రంగు నీళ్ళు వాగులో చేపల్ని చంపుతున్నాయని నువ్వు రేడియోలో చెప్పిన నాటి నుంచి సంతలో నన్ను చేపల మారి అని పిలుస్తున్నారు. నీ గాజు గెలిస్తే ఆ మాట నిజమని తేలిపోతుందనిపించింది. ఆ సాయంత్రం నా ఒళ్ళో తలపెట్టుకుని, నీ నీళ్ళ తప్పేం లేదత్తా, నాదే తప్పు అని ఏడ్చావు. పలకలు తోమిన ఆ చేత్తోనే నీ తల నిమిరాను. మీ మాస్టారికి పైన రాసింది కాదు, ఈ ముక్క చూపించు.