పాపకు నీళ్లు పోసే కాళ్లు

బెంగళూరు ఆసుపత్రి నుంచి మంగళవాడలోని అత్తకు కోడలు రంజిత దండాలు.

నెల రోజులుగా పాపకు మూర్ఛ రాలేదు. మందు చప్పరిస్తూ నవ్వుతోంది. ఫోన్లో అయితే నువ్వు వినకుండా ఏడుస్తావని కార్డు రాస్తున్నాను.

సోలార్ పార్కు డ్యూటీకి పోతూ మీ అబ్బాయి బండి మీద నుంచి పడ్డాడని నువ్వు అరుచుకుంటూ వచ్చినప్పుడు నాకు ఏడో నెల. "నా అరుపే బిడ్డకు తగిలిండాది" అంటూ ఇంతవరకు పాపను ఎత్తుకోలేదు నువ్వు. డాక్టరమ్మను అడిగేశాను. కడుపుతో ఉన్నప్పుడు నెలల తరబడి దిగులు పడితే బిడ్డకు కొంత చేటు జరగవచ్చట. ఒక్కరోజు బెదురుకే ఈ మూర్ఛ వచ్చిందని మాత్రం ఎవరూ చెప్పలేరట.

చెనక్కాయ పీకడం అయ్యిందా? మామను అడిగినానని చెప్పు. సోమవారం మీ అబ్బాయితో కలిసి ముగ్గురం వస్తున్నాం, ఆముదం తీసి పెట్టు. నేను కాళ్లు చాపి పడుకోబెడితే పాప జారిపోతోంది. నీళ్లు పోయడానికి నీ కాళ్లే కావాలి.